పరికి వేయని ఈల

అనగనగా ఒక అడవిలో మొరగడం రాని కుక్కలు ఉండేవి. నవ్వకండి, నిజంగానే! వాటిని రేచుకుక్కలు అంటారు. ఒళ్ళంతా ఇటుక ఎరుపు, తోక చివర మాత్రం మసి నలుపు. మన వీధికుక్కల్లా భౌ భౌ అనవు. ఈల వేస్తాయి. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?" అని ఒకటి ఈల వేస్తే, "ఇదిగో, ఇక్కడ" అని ఇంకొకటి ఈల వేస్తుంది. ఈలకు బదులు ఈల వేయకపోవడం కన్నా పెద్ద అమర్యాద వాటి లోకంలో లేదు.

వాగు ఒడ్డున రాతిగుట్ట కింద ఒక గుంపు ఉండేది. దానికి పెద్ద మోదుగమ్మ. ఆమె గుంపులో రెండు కట్టుబాట్లు. మొదటిది, వేట దొరికితే ముందు పిల్లలు తినాలి. పెద్దవాళ్ళకు ఎంత ఆకలేసినా సరే, చుట్టూ నిలబడి పిల్లలు తింటుంటే చూస్తూ ఉండాలి. "పిల్లలు తింటుంటే చూడడంలోనే మన కడుపు సగం నిండుతుంది" అనేది మోదుగమ్మ. రెండోది, గుహ దగ్గర ఒక్క మాంసం ముక్క కూడా మిగలకూడదు. మిగిలింది మిగిలినట్టు వాగు దాటించి పారేయాలి. ఎందుకంటే ఆ అడవిలో దుమ్ములగొండి ఉంది.

దుమ్ములగొండి అంటే తెలుసుగా? ముందుకాళ్ళు పొడుగు, వెనకకాళ్ళు పొట్టి, వీపు మీద నిక్కబొడుచుకున్న జూలు. మనం చెరుకు నమిలినట్టు అది ఎముకలు నములుతుంది. మీరెప్పుడైనా బెల్లం ముక్క దిండు కింద దాచుకుని పడుకున్నారా? చీమలకు ఎవరు చెప్పారని వచ్చాయి? దుమ్ములగొండి ముక్కు కూడా అలాంటిదే. అది పరుగెత్తదు. తొందరపడదు. కుంటుతున్నట్టు నడుస్తూ, వాసన ఉన్న చోటికి తిన్నగా వచ్చేస్తుంది.

ఒక వానాకాలంలో ఈ గుంపులోకి పరికి వచ్చాడు. గుట్ట అవతల పరికి పొద కింద, ముళ్ళలో చిక్కుకుని, ఎముకలగూడులా ఉన్న ఆ పిల్లను బూరుగవ్వ నోటకరుచుకుని తెచ్చింది. బూరుగవ్వ గుంపులో వయసుకు అందరికన్నా పెద్దది. ముందుకాలు ఒకటి కుంటి. వేటకు పోలేదు కాబట్టి గుహ దగ్గర పిల్లల్ని కాచుకుని ఉండేది. "నీ పేరేంట్రా?" అని అడిగితే ఆ పిల్ల నోరు తెరవలేదు. పొద పేరే వాడి పేరైంది.

మర్నాడు గుంపు ఒక దుప్పిని కొట్టింది. పిల్లలు ఐదుగురూ ఎగబడ్డారు. పరికి కూడా మాంసంలో మూతి పెట్టాడు. అంతలో ఎందుకో తల ఎత్తాడు.

చుట్టూ పళ్ళు. చుట్టూ నాలుకలు, నాలుకల నుంచి కారుతున్న చొంగ. ఎటు చూసినా తననే చూస్తున్న పసుపుపచ్చని కళ్ళు. మోదుగమ్మ గుంపు ప్రేమగా చూస్తోందని మీకూ నాకూ తెలుసు. పరికికి ఎలా తెలుస్తుంది?  దొరికిన ముక్క పీక్కుని, చుట్టూ నిలబడ్డవాళ్ళలో తుమ్మయ్య అనే ఒకడి కాళ్ళ సందులోంచి దూరి పారిపోయాడు.

గుంపులో అందరికన్నా చిన్నది రేల. పరికి ఆడుకుందామని పిలుస్తున్నాడనుకుంది పిచ్చిది. తుర్రున వాడి వెనకే పరుగెత్తి, పొదలో తింటున్న వాడి వీపుకు ముక్కు ఆనించింది.

పరికి వెనక్కి తిరిగి కరిచాడు. రేల చెవి కొస తెగి కింద పడింది.

తుమ్మయ్య గుంపులోకెల్లా గొప్ప వేటగాడు. మంచివాడే, కానీ ముక్కు మీద కోపం. వచ్చి పరికి మెడ పట్టి ఊపేశాడు. "ఒరేయ్, చంటిదాని చెవి కొరుకుతావా? ఎందుకు కరిచావు? చెప్పు!"

పరికి చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఎందుకు కరిచాడో వాడికే తెలియదు. వెనక ఏదో కదిలింది, అంతే, పళ్ళు వాటంతట అవే మూసుకుపోయాయి. ఆ తర్వాత తన నోట్లో ఉన్న చెవి ముక్కను చూసి వాడే అందరికన్నా ఎక్కువ భయపడ్డాడు. కానీ ఎవరూ వాడి ముఖం చూడలేదు. అందరూ రేల చెవి చూస్తున్నారు.

కొన్నాళ్ళకు ఇంకోటి జరిగింది. జోరున వాన. పరికి గుహకు రాలేదు. గుంపంతా గుట్టెక్కి, గుట్ట దిగి వెతికింది. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?" అని ఈలల మీద ఈలలు. బదులు లేదు. నాచుపట్టిన రాయి మీద తుమ్మయ్య జారిపడ్డాడు, నడుం పట్టేసింది. తీరా చూస్తే పరికి పది గంతుల దూరంలోనే పొదలో ముడుచుకుని ఉన్నాడు! ప్రతి ఈలా విన్నాడు. ఒక్కదానికీ బదులు వేయలేదు.

"ఇది పొగరు కాకపోతే ఏమిటి?" అంటూ తుమ్మయ్య వాడిని బయటికి లాగబోయాడు. పరికి గభాలున తుమ్మయ్య ముక్కు కొరికాడు.

ఈసారి మోదుగమ్మకే కోపం వచ్చింది. "వీడికి రెండు రోజులు తిండి లేదు. ఆకలి తెలిస్తే బుద్ధి తెలుస్తుంది."

"అమ్మా, వీడికి ఆకలి కొత్త కాదేమో" అంది బూరుగవ్వ. ముసలివాళ్ళ మాట చద్దిమూట అంటారు. ఆ పూట ఎవరూ మూట విప్పలేదు.

పిల్లలూ, కాస్త దగ్గరికి జరగండి. పరికి గుంపులో ఎవరికీ చెప్పనిది మీకు చెప్తాను.

పరికికి ఒక అమ్మ ఉండేది. ఒక అక్క ఉండేది. గుట్ట అవతల చిన్న గుహలో ఉండేవాళ్ళు. ఒక మబ్బు మధ్యాహ్నం గుహ ముందు ఏదో కుంటుతున్న చప్పుడైంది. అమ్మ బయటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. పరికి గుహ వెనక రాతి సందులోకి దూరాడు. అక్క దూరలేకపోయింది. అప్పుడు గుహ ద్వారంలోంచి ఒక మెత్తని గొంతు వినిపించింది. "లోపల ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

చీకట్లో అక్కకు తమ్ముడు కనపడలేదు. భయమేసి ఈల వేసింది. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?"

పరికి నోరు తెరవలేదు.

ఆ తర్వాత అక్క ఈల వినపడలేదు. ఎముకలు విరిగే చప్పుడు మాత్రం చాలాసేపు వినపడింది. మూడు రోజులు వాడు ఆ సందులోనే ఉన్నాడు. తిండి లేదు. రాతి తడి నాకి బతికాడు. అందుకే, పిల్లలూ, ఎవరు ఈల వేసినా వాడికి అక్కే పిలిచినట్టుండేది. ఎవరు వెనక నుంచి వచ్చినా ఆ గొంతే వచ్చినట్టుండేది. ఇక ఆకలంటారా, ఆకలంటే వాడికి ఆ సందే.

అలాంటివాడిని రెండు రోజులు పస్తు పడుకోబెట్టారు. వాడికి తెలిసిన బుద్ధి ఒక్కటే, దాచుకోవడం. మూడో రోజు నుంచి దొంగతనం మొదలుపెట్టాడు. దుప్పి డొక్క ముక్క తెచ్చి తను పడుకునే రాయి కింద దూర్చాడు. కుందేలు కాలు తెచ్చి గుహ పక్క మట్టిలో పూడ్చాడు. అన్నిటికన్నా పెద్దది, కొండగొర్రె తొడ, గుహ లోపల వెనకవైపు రాతి సందులోకి లోతుగా నెట్టాడు. అవి తినేవాడు కూడా కాదు. పడుకోబోయే ముందు ఒక్కోదాన్నీ వాసన చూసి, ఉన్నాయి అనుకుని పడుకునేవాడు. అప్పుడే నిద్ర పట్టేది.

వారం తిరిగేసరికి రేల ముక్కు చిట్లించింది. "మామా, పరికన్న పడుకునే చోట కంపు కొడుతోంది."

తుమ్మయ్య రాయి కదిపాడు. డొక్క ముక్క దొరికింది. మట్టి తవ్వాడు. కుందేలు కాలు దొరికింది. అదే సమయానికి నీళ్ళు తాగడానికి వెళ్ళిన మోదుగమ్మ వాగు దగ్గర నుంచి పరుగున వచ్చింది.  "అవతలి ఒడ్డున అడుగులున్నాయి. దుమ్ములగొండి అడుగులు."

గుంపంతా బిగుసుకుపోయింది. పిల్లలు బూరుగవ్వ పొట్ట కిందికి దూరారు.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? వీడిని ఇవాళే తరిమేయాలి" అన్నాడు తుమ్మయ్య.

"వంచేవాడు వేరు ఎక్కడ నలిగిందో చూసుకోవాలిరా అబ్బాయ్" అంది బూరుగవ్వ. "తినేటప్పుడు వాడి కళ్ళెప్పుడైనా చూశారా? నోరు కిందికి ఉంటుంది, కళ్ళు పైకి ఉంటాయి. వీపు రాతికి ఆనించకుండా ఒక్క ముద్ద మింగడు. వాడు దొంగలా తినడంలేదు. చచ్చేంత భయపడుతూ తింటున్నాడు."

మోదుగమ్మ పిల్లలవైపు చూసింది. "అవ్వా, ఒక్కడి కోసం ఐదుగురిని దాని నోట్లో పెట్టమంటావా?" అంది. బూరుగవ్వ దగ్గర దానికి జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు.

మోదుగమ్మ పరికి ముందుకు వచ్చి నిలబడింది. "ఇంకా ఎక్కడైనా దాచావా? ఉన్నదున్నట్టు చెప్పు. ఇది పిల్లల ప్రాణాలతో పని."

పరికికి రాతి సందులో ఉన్న తొడ గుర్తొచ్చింది. చెబితే అదీ పోతుంది. అది పోతే ఇక ఏమీ ఉండదు.  భయంలో ఉన్నవాడికి రేపు కనపడదు. చేతిలో ఉన్నది జారిపోకపోతే చాలనిపిస్తుంది.

"లేదు" అన్నాడు.

ఆ గుంపులో వాడు ఆడిన మొదటి మాట అదే. అదే అబద్ధమైంది.

దొరికిన ముక్కలు వాగు దాటించి పారేశారు. ఆ తర్వాత పరికిని కూడా వాగు దాటించారు. రేల ఒడ్డు దాకా వచ్చి నిలబడింది. తెగిన చెవి ఊపుతూ వాడినే చూసింది.

పరికి ఎక్కడికీ పోలేదు. ఎక్కడికి పోతాడు? అవతలి గట్టు మీద పొదలో కూర్చుని గుహవైపు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. పట్టపగలే చీకటి కమ్మింది. గుంపు వేటకు వెళ్ళింది. గుహ దగ్గర బూరుగవ్వ, పిల్లలు ఐదుగురు మిగిలారు. గాలి ఆగిపోయింది. పిట్ట కూడా కూయడంలేదు.

అప్పుడు పరికి వెనక ఎండుటాకులు చప్పుడయ్యాయి. ఒక అడుగు. కాస్త ఆగి ఇంకో అడుగు.

వాడికి ఆ నడక తెలుసు.

దుమ్ములగొండి పొద పక్కగా వచ్చి ఆగింది. దాని ఊపిరి ఆకుల్లోంచి పరికి ముఖానికి తగిలింది. కుళ్ళిన వాసన. "పొదలో ఎవరు నాయనా?" అంది మెత్తగా. పరికి ఊపిరి బిగబట్టాడు. "నీ ఒంటికీ మాంసం వాసన ఉందిలే. కానీ అక్కడ ఇంకా ఎక్కువ ఉంది. గొర్రె తొడ అనుకుంటాను. బాగా మాగింది. నేనెవరి ఇంటికీ పిలవకుండా పోను నాయనా. వాసన పిలిస్తేనే పోతాను."

అది నీళ్ళలోకి దిగింది. వాగు దాటింది. గుహవైపు నడిచింది.

నా తొడ, అనుకున్నాడు పరికి. నేను దాచిన తొడ. నేను లేదన్న తొడ.

గుహ ముందు బూరుగవ్వ కుంటికాలు ఈడ్చుకుంటూ అడ్డం నిలబడింది. పళ్ళు బయటపెట్టింది, అరిగిపోయిన ముసలి పళ్ళు. గట్టిగా ఈల వేసింది. ముసలి ఊపిరి, ఆ ఈల గుట్ట దాటలేదు. దుమ్ములగొండి ఆమెను పట్టించుకోకుండా గుహలోకి మెడ సాచింది.

"లోపల ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

అదే గొంతు. అదే మాట. పరికి కళ్ళు మూసుకున్నాడు. నేల అంతా ఆ రాతి సందులా ఇరుకైపోయింది. కదలకు, నోరు తెరవకు, బతుకుతావు. అప్పుడు అలాగే బతికావుగా. వాడి ఒళ్ళంతా ఆ ఒక్క మాటే చెబుతోంది.

బూరుగవ్వ ఎగిరి దుమ్ములగొండి చెవి పట్టుకుంది. అది విసుగ్గా తల విదిల్చి ఆమె కుంటికాలు నోట కరిచింది. ఎముక విరిగిన చప్పుడు వాగు అవతలున్న పరికికి వినపడింది.

ఆ వెంటనే గుహలోంచి సన్నగా ఇంకో చప్పుడు. రేల ఈల. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?"

పరికి లేచి నిలబడ్డాడు.

నోరు తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. కీచుమని పిచ్చుక గొంతు వచ్చింది. అక్కకు వేయని ఈల, గుంపుకు వేయని ఈల, ఇన్నాళ్ళూ గొంతులో అడ్డంపడి ఉన్న ఈల మూడోసారికి బయటికి వచ్చింది.

"ఇదిగో, ఇక్కడ! నేనిక్కడున్నాను! ఇక్కడ!"

గుట్ట మారుమోగింది. దుమ్ములగొండి బూరుగవ్వను వదిలి తల తిప్పింది. గట్టు మీద ఒంటరిగా, చిన్నగా, ఎర్రగా నిలబడ్డ పిల్లను చూసింది. "ఓహో, పొదలో ఉన్నది నువ్వా?" అంటూ వాడివైపు కదిలింది. వాగులోకి దిగింది. అడుగు తర్వాత అడుగు వేస్తూ దగ్గరికి వస్తోంది.

పరికికి భయం పోయిందనుకునేరు. పోలేదు. భయంతో వాడికి ఉచ్చ కారిపోయింది. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఆ వణుకుతోనే ఈల వేస్తూ ఉన్నాడు. అది వాగు మధ్యకు వచ్చినా ఆపలేదు. దాని పళ్ళ మీద తడి కనపడేంత దగ్గరికి వచ్చినా ఆపలేదు.

అప్పుడు గుట్ట మీద నుంచి బదులు వచ్చింది. ఒకటి, రెండు, తొమ్మిది ఈలలు! అందరికన్నా ముందు తుమ్మయ్య దూకాడు. గుంపంతా దుమ్ములగొండిని చుట్టుముట్టింది. అది నాలుగువైపులా చూసింది. ఇక్కడ తినడం కన్నా తినబడడమే ఎక్కువ అని లెక్క వేసుకుంది. జూలు దించుకుని, వచ్చినంత నెమ్మదిగానే అడవిలోకి వెళ్ళిపోయింది.

మోదుగమ్మ పరికి దగ్గరికి వచ్చింది. వాడు ఆమె నోరు తెరవకముందే చెప్పేశాడు. "ఇంకోటి ఉంది. గుహ వెనక సందులో. నేను అబద్ధం చెప్పాను. దానికోసమే అది వచ్చింది. అవ్వ కాలు నావల్లే పోయింది." ఆపైన ఏడుస్తూ, వెక్కుతూ, అమ్మ సంగతి, అక్క ఈల సంగతి, మూడు రోజుల సంగతి మొత్తం చెప్పాడు.

 తుమ్మయ్య ముక్కు మీద గాటు ఇంకా మానలేదు. అయినా గుహలోకి వెళ్ళి, ఆ కుళ్ళిన తొడను తనే లాక్కొచ్చి, వాగు దాటించి పారేశాడు. తిరిగొచ్చి పరికి పక్కన కూర్చున్నాడు, తాకకుండా, కాస్త ఎడంగా.

"తప్పు తప్పే" అంది మోదుగమ్మ. "అవ్వకు మూడు కాళ్ళే మిగిలాయి. ఇక రోజూ నీ నోటితో నువ్వే ఆమెకు తిండి తెచ్చిపెట్టాలి. అది నీ శిక్ష. కానీ ఆకలితో పడి ఉన్న పిల్లను తెచ్చుకుని మళ్ళీ ఆకలితోనే కొట్టాం. అది మా తప్పు. దానికి మేమూ ఏదో ఒకటి చేయాలి."

ఏం చేయాలో బూరుగవ్వ చూపించింది. తర్వాతి వేట నాడు పిల్లలు తినడం మొదలుపెట్టారు. పరికి మూతి పెట్టాడు, అలవాటుగా కళ్ళెత్తాడు, తినడం ఆపేశాడు. అప్పుడు బూరుగవ్వ మూడు కాళ్ళ మీద తడబడుతూ వెనక్కి తిరిగి నిలబడింది. ముఖం అడవివైపు, వీపు పిల్లలవైపు. అది చూసి మోదుగమ్మ తిరిగింది. ఒక్కొక్కరే అందరూ తిరిగారు. అందరికన్నా చివర తుమ్మయ్య, మాంసం వైపు ఒకసారి ఆశగా చూసి, గుటక మింగి, తిరిగాడు.

ఇప్పుడు పరికి చుట్టూ పళ్ళు లేవు. వీపులున్నాయి, నల్లని తోకలున్నాయి. ఆ వీపుల అవతల ఏముందో చూసుకోవడానికి వాళ్ళున్నారు.

"అన్నా, ఎదురుగానే వస్తున్నా!" అని ముందే కేకేసి రేల వచ్చి పక్కన చేరింది. పరికి జరిగి చోటిచ్చాడు. కడుపునిండా తిన్నాడు. అవ్వ వాటా తీసి పక్కన పెట్టాడు. ఇంకో చిన్న ముక్క మిగిలింది. దానివైపు చూశాడు. వాసన చూశాడు. దాన్ని దాచకుండా, పెద్దవాళ్ళు వాగు దాటించి పారేయడానికి అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు.

నీతి: తప్పు చేసిన పిల్లవాడిని దండించే ముందు వాడి భయం ఎక్కడ పుట్టిందో వెతకాలి, భయం తీర్చకుండా వేసిన శిక్ష ఇంకో తప్పునే కంటుంది.